బ్రోషర్ మీద నా ఫొటో

మా సంస్థ బ్రోషర్ మీద నా ఫొటో రెండుసార్లు వేశారు, ఒకసారైతే చేతిలో బైనాక్యులర్స్ పెట్టి మరీ. హ్యూస్టన్‌లో ఓ చిన్న పర్యావరణ సంస్థ మాది, నా పని మ్యాపులూ ఎక్సెల్ షీట్లూ. పక్షుల్లో నాకు తెలిసింది మా ఊరి చెరువులో కొంగలే.

తెల్లవాళ్లు కానివాళ్లం ఆఫీసు మొత్తం మీద ముగ్గురం. అమెరికా పర్యావరణ సంస్థల సిబ్బందిలో మాలాంటివాళ్లు 16 శాతం దాటడం లేదని డోర్సెటా టేలర్ అనే ప్రొఫెసర్ 2014లోనే రిపోర్టు ఇచ్చారు. ఎలా దాటుతారు? ఈ రంగంలోకి చాలామంది వచ్చేది జీతం లేని ఇంటర్న్‌షిప్‌తో. నాన్న పేరు మీద లోను తీసుకుని ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్లకి అది కుదిరే పనేనా? నేనూ మూడేళ్లు ఐటీలో చేసి, అప్పు తీరాకే ఇటు వచ్చాను.

తమాషా ఏంటంటే, చెత్తా కాలుష్యం ఎవరి పేటల్లో పడుతున్నాయన్న లెక్కలు మొదలైన ఊళ్లలో మా హ్యూస్టన్ ఒకటి. 1979లో నార్త్‌వుడ్ మేనర్‌లో చెత్త డంపు పెట్టొద్దని నల్లజాతి కుటుంబాలు కోర్టుకెక్కాయి. వాళ్ల తరఫున వాదించిన లాయరమ్మ భర్త రాబర్ట్ బులార్డ్, కాలేజీలో పాఠాలు చెప్పుకునే మనిషి, స్టూడెంట్లని వెంటేసుకుని తిరిగి చూస్తే సిటీ సొంత డంపులు ఐదుకి ఐదూ నల్లవాళ్ల పేటల్లోనే తేలాయి. ఊరి జనాభాలో వాళ్లు పావు వంతు. కేసు మాత్రం ఓడిపోయారు.

పోయినేడాది నన్ను ఇక్కడే షిప్ ఛానల్ (ఓడలొచ్చే కాలువ) పక్కనున్న మాంచెస్టర్‌కి పంపారు, గాలి కొలతల గురించి జనానికి చెప్పి రమ్మని. రిఫైనరీల మధ్య పేట, ఎక్కువమంది స్పానిష్ మాట్లాడేవాళ్లు. నాకు స్పానిష్ ముక్క రాదు, మరి నన్నే ఎందుకు పంపారంటే మీకే అర్థమవుతుంది. మీటింగు పనిరోజు మధ్యాహ్నం రెండింటికి పెట్టారు, ఏడుగురు వచ్చారు. ఒక పెద్దావిడ మనవరాలి చేత అడిగించింది, "మీరుండేది ఎక్కడ?" అని. కేటీ అన్నాను. ఊరికి అటు చివర, ఈ వాసన అక్కడికి రాదు. ఆవిడ తలూపి ఊరుకుంది. నాకే మొహం చెల్లలేదు.

తిరిగొచ్చి మా డైరెక్టర్‌ని అడిగాను, మీటింగులు రాత్రి ఏడింటికి పెడదాం, ఆ మనవరాలికి గంటకింత ఇచ్చి అనువాదం చేయిద్దాం అని. టైము మార్చడానికి ఒప్పుకున్నారు. డబ్బుల మాటకి మాత్రం, వలంటీర్‌గా చేస్తుందేమో కనుక్కోమన్నారు.

ఆ అమ్మాయి నంబరు నా దగ్గరే ఉంది. ఇంకా ఫోన్ చేయలేదు.