వి.సి. అంటే వైస్ ఛాన్సలర్ కాదు

బడిలో చేర్పించడానికి తీసుకెళ్లిన రోజు, బోర్డు మీద ‘ఆండ్రూ మినార్‌స్కీ వి.సి.’ అని చూసి, "ఎవరో వైస్ ఛాన్సలర్ గారి పేరు పెట్టినట్టున్నారు" అన్నారు నాన్న. మేం గుంటూరు నుంచి కెనడాలోని విన్నిపెగ్ వచ్చి నెల కూడా కాలేదు. నేను అదే మాట క్లాసులో అనేశాను. ఎవరికీ అర్థం కాలేదు. టీచర్ మాత్రం పాఠం పక్కన పెట్టి ఆయన కథ చెప్పారు.

మినార్‌స్కీ ఈ ఊరివాడే. పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్ల అబ్బాయి. తండ్రి పోయాక ఇంటికి ఆసరాగా తోలు కత్తిరించే పని చేశాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1941లో కెనడా వాయుసేనలో చేరి లాంకాస్టర్ బాంబర్‌లో గన్నర్ అయ్యాడు. విమానం వెన్ను మీది గాజు గూడు అతని చోటు. తోక చివర గూడులో ప్యాట్ బ్రోఫీ. ఇద్దరూ ప్రాణస్నేహితులు. బ్రోఫీ హోదాలో పెద్ద కాబట్టి రాత్రి విడిపోయేటప్పుడు మినార్‌స్కీ వేళాకోళంగా సెల్యూట్ కొట్టి "గుడ్ నైట్ సర్" అనేవాడట.

1944 జూన్ 12 రాత్రి. ఫ్రాన్స్‌లోని కాంబ్రే రైల్వే యార్డు మీద దాడి. ఆ బృందానికి అది పదమూడోసారి. బయల్దేరే ముందు గడ్డిలో నాలుగాకుల క్లోవర్ దొరికితే, అదృష్టమని మినార్‌స్కీ దాన్ని బ్రోఫీకి ఇచ్చేశాడు. ఆకు తన దగ్గరే ఉంచుకోవచ్చుగా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

జర్మన్ విమానం వెనక నుంచి కాల్చింది. ఎడమవైపు ఇంజన్లు రెండూ పోయాయి, మంటలు. పైలట్ దూకేయమన్నాడు. మినార్‌స్కీ తలుపు దాకా వెళ్లి వెనక్కి చూస్తే, బ్రోఫీ గూడు బిగుసుకుపోయి ఉంది. మంటల్లో మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి గొడ్డలితో కొట్టాడు, తర్వాత ఉత్త చేతులతో లాగాడు. బట్టలు నడుం దాకా అంటుకున్నాయి. వెళ్లిపొమ్మని బ్రోఫీ చెయ్యి ఊపాడు. అతను బ్రోఫీ వైపే చూస్తూ వెనక్కి పాకి, తలుపు దగ్గర నిటారుగా నిలబడి సెల్యూట్ చేశాడు. పెదవులు కదిలాయి. ఆ హోరులో వినపడలేదు గానీ, ఏమన్నాడో బ్రోఫీకి తెలుసు.

నేల మీద దొరికాడు గానీ, కాలిన గాయాలతో చనిపోయాడు. విమానం కూలినప్పుడు తోక విరిగి బ్రోఫీ బయటపడ్డాడు, బతికాడు. అతను చెప్పబట్టే 1946లో మినార్‌స్కీకి విక్టోరియా క్రాస్ వచ్చింది. యుద్ధంలో సాహసానికి ఇచ్చే అత్యున్నత పతకం అది; బోర్డు మీది వి.సి. అదే.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్పాను.

"ఎన్నేళ్లు అతనికి?"

"ఇరవై ఏడు."

"మీ బాబాయి ఈడువాడు" అన్నారు నాన్న. అన్నం కలపడం ఆపేశారు.