మాంటిస్సోరిలో వేయాలా వద్దా: మా ఇంట్లో తెగని చర్చ

మా వాడికి మూడేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలుందనగా మొదలైంది ఈ గోల. మా ఆయన అప్పటికే బోలెడు వీడియోలు చూసేసి, వేస్తే మాంటిస్సోరిలోనే వేయాలని తేల్చేశారు, అంటే పిల్లలు వస్తువులు ఎంచుకుని, సొంత చేతులతో చేస్తూ నేర్చుకునే బడిలో. నాకేమో అనుమానం. వీడు నిమిషం నోరు మూయడు, చెంచా దొరికితే విమానం, దిండు దొరికితే గుర్రం. అలాంటివాడు చాప పరుచుకుని, ఒక వస్తువు ముందేసుకుని ఒక్కడే కూర్చుంటాడా అని.

మొదట వెళ్లిన స్కూల్ బోర్డు మీద మాంటిస్సోరి అని పెద్ద పెద్ద అక్షరాలతో ఉంది. లోపల ఆ పద్ధతికి వాడే సామానంతా కూడా ఉంది, కాకపోతే అద్దాల బీరువాలో, తాళం వేసి! రోజుకి అరగంట బయటికి తీస్తారట, మిగతా టైమంతా వర్క్‌షీట్లు. తర్వాత చదివితే తెలిసింది, మాంటిస్సోరి అన్న పేరు ఎవరి సొత్తూ కాదు, ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. ఈ పద్ధతిని తయారుచేసిన ఇటలీ డాక్టరు మరియా మాంటిస్సోరి 1929లో మొదలుపెట్టిన ఏఎంఐ (అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనేల్), 1960లో అమెరికాలో వచ్చిన ఏఎంఎస్ (అమెరికన్ మాంటిస్సోరి సొసైటీ) లాంటి సంస్థలున్నాయి గానీ, వాటితో సంబంధం లేకుండా కూడా స్కూల్ నడపొచ్చు. అందుకే రెండో స్కూల్‌కి ఫోన్ చేసినప్పుడు ముందే అడిగేశాను: టీచర్ మూడు నుంచి ఆరేళ్ల పిల్లల శిక్షణ ఎక్కడ తీసుకున్నారు, మూడు, నాలుగు, ఐదేళ్లవాళ్లు ఒకే గదిలో ఉంటారా, పొద్దున మధ్యలో గంట కొట్టి లేపకుండా పిల్లల్ని వాళ్ల పనికి ఎంతసేపు వదిలేస్తారు. మూడు గంటలు అన్నారు. వచ్చి కూర్చుని చూడొచ్చా అంటే, తప్పకుండా రండి, కానీ పిల్లలతో మాట్లాడకూడదు అన్నారు.

మూల ఒక చిన్న కుర్చీ వేశారు. మొదటి పది నిమిషాలు, నిజం చెప్పాలంటే, విసుగొచ్చింది. ఎవరి పని వాళ్లది. తర్వాత ఒక పాప మీద నా చూపు పడింది, మూడేళ్లుంటాయేమో, ఒక గాజు జగ్గులోంచి ఇంకో జగ్గులోకి నీళ్లు పోస్తోంది. ఒలికాయి. నేను సగం లేచాను కూడా, అలవాటు కదా. రెండడుగుల దూరంలో ఉన్న టీచర్ మాత్రం కదల్లేదు. పాప కాసేపు ఆ నీళ్లని చూసి, వెళ్లి స్పాంజీ తెచ్చి, తుడిచి, బకెట్లో పిండి, మళ్లీ తుడిచి, మళ్లీ పోయడం మొదలుపెట్టింది. మళ్లీ ఒలికాయి. మళ్లీ స్పాంజీ. అన్నిసార్లలో ఒక్కసారి కూడా ఎవరైనా చూశారా అని తల తిప్పలేదు. మా ఇంట్లో నీళ్లు ఒలికితే వీడు ముందు నా మొహం చూస్తాడు. అది గుర్తొచ్చి కొంచెం సిగ్గేసింది. గాజువి ఎందుకండీ, పగిలితే అని తర్వాత టీచర్ని అడిగితే, "పగిలితే జగ్గే చెబుతుందండీ, నేను చెప్పక్కర్లేదు" అన్నారు.

ఆ మాటతో నేను సగం ఒప్పేసుకున్నాను. కానీ మర్నాడు వీణ్ణి తీసుకెళ్తే అసలు కథ మొదలైంది. పింక్ టవర్ అని ఉంటుంది, పది చెక్క ఘనాలు, అన్నిటికన్నా చిన్నది ఒక సెంటీమీటరు, పెద్దది పది, ఒకదాని మీద ఒకటి పేర్చాలి. వీడు వాటిని వరసగా పెట్టి పీం పీం అంటూ బస్సు నడిపాడు. టీచర్ కాసేపు చూసి, దగ్గరికొచ్చి, "ఇవి పేర్చడానికి నాన్నా, బస్సు బయటికెళ్లినప్పుడు ఆడదాం" అని మెల్లగా తీసి అల్మరాలో పెట్టేశారు. కోప్పడలేదు, గొంతు పెంచలేదు. అయినా నాకు గుండె చివుక్కుమంది.

ఎందుకు తీసేశారని అడిగేశాను. ఆవిడ దాటవేయలేదు. ఈ గదిలో వస్తువులతో ఊహల ఆటలు తక్కువే, 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదవాడలో తెరిచిన మొదటి బడిలో బొమ్మలు పెట్టినా పిల్లలు వాటిని వదిలేసి నిజం పనులే ఎంచుకున్నారని మాంటిస్సోరి చెప్పారు, అందుకే అన్నారు. నాకు పూర్తిగా మింగుడుపడలేదు. ఆ పేదవాడ పిల్లలకి ఆ వస్తువులే కొత్త, మా వాడు బొమ్మల గుట్టలో పెరిగినవాడు, ఇద్దరికీ ఒకటే లెక్కా? అయితే ఆ సాయంత్రం వీడు ఇంట్లో సోఫా దిండ్లన్నీ కిందేసి పడుకునేదాకా బస్సు నడుపుతూనే ఉన్నాడు. పొద్దున మూడు గంటలు అక్కడ ఆపినంత మాత్రాన ఆ బస్సు ఎక్కడికీ పోదనిపించింది.

తమాషా ఏంటంటే, నేను సరే అనేసరికి మా ఆయన వెనక్కి తగ్గారు. హోంవర్క్ లేదు, మార్కులు లేవు, రాయడం ఎప్పుడొస్తుంది అని టెన్షన్. రాయడానికి ముందు మెట్టుగా గరుకు కాగితపు అక్షరాల మీద వేలు తిప్పుతున్న పిల్లల్ని చూశాక కూడా "ఊ" అన్నారు తప్ప "సరే" అనలేదు. టీచర్ ఒక్కటే చెప్పారు, ఆరేళ్లు వచ్చేదాకా ఉంచుతామంటేనే వేయండి, మొదటి రెండేళ్లు నేర్చుకున్నదంతా మూడో ఏడాదిలోనే ఒక కొలిక్కి వస్తుంది, చిన్నవాళ్లకి చూపించేది కూడా అప్పుడే అని.

వేశాం. రెండు వారాలు గేటు దగ్గర ఏడుపు, ఆ ముచ్చట చెప్పక్కర్లేదు. రెండు నెలలకి బూట్లు తనే వేసుకుంటానని పట్టు. ఎడమది కుడికి, మళ్లీ విప్పి, మళ్లీ వేసి, పన్నెండు నిమిషాలు. నేను గడియారం చూస్తూ, చెయ్యి వెనక్కి కట్టుకుని నిలబడటం నేర్చుకున్నాను, కానీ ఆఫీసుకి లేట్ అవడం మాత్రం తగ్గలేదు. వీడి నోరు కూడా తగ్గలేదు, ఇప్పుడు తనకన్నా చిన్నవాళ్లకి అన్నీ వివరిస్తాడట.

ఇప్పుడు ఐదు నిండాయి. వీడి జతవాళ్లని కొందరు మామూలు స్కూళ్లకి మార్చేస్తున్నారు, మా ఇంట్లో చర్చ మళ్లీ మొదటికొచ్చింది. మార్చేద్దామంటున్నది ఆయన, ఉంచుదామంటున్నది నేను. వచ్చే వారం ఆ మూల కుర్చీకి మళ్లీ టైమ్ అడిగాను, ఈసారి కూర్చునేది ఆయనే.