సంతకం పెట్టని స్వాములు

మూడు నెలలు తిప్పించుకుని నిన్న మా ఎథిక్స్ కమిటీ, అంటే మనుషులతో చేసే పరిశోధనకు అనుమతిచ్చే కమిటీ, ఆమోదం ఇచ్చింది. మంట చల్లారకముందే రాస్తున్నాను.

నా పీహెచ్‌డీ అంశం అయ్యప్ప దీక్షలో కన్నెస్వామిని, అంటే మొదటిసారి మాల వేసుకున్నవాణ్ణి, గురుస్వామి ఎలా తీర్చిదిద్దుతాడన్నది. గైడ్ వారంలో ఒప్పుకున్నారు. గుంటూరులో మా పేట గురుస్వామి "భిక్షకి రండి మాతా" అన్నారు, అంతే.

నన్ను ఏడిపించింది సమ్మతి పత్రం, అంటే పరిశోధనలో పాల్గొనడానికి ఒప్పుకున్నట్టు సంతకం చేసే కాగితం. పదిమంది సంతకాలు తెస్తేనే ఫైలు కదులుతుందన్నారు కమిటీవాళ్లు. ఇంగ్లీషు నమూనాను వాళ్లే తెలుగు చేయించారు, నాలుగు పేజీలు. మధ్యాహ్నం భిక్ష అయ్యాక ఒక కన్నెస్వామి చేతికిచ్చాను. ఆటో నడిపే కుర్రాడు, కూడబలుక్కుంటూ పైకే చదివాడు: "పాల్గొనుట వలన మీకు కలుగు హాని..." హాలంతా నిశ్శబ్దం. "దీక్షలో ఉన్నవాడికి హాని అని రాయించుకొచ్చావా మాతా?" అన్నారు గురుస్వామి. నలభై మంది నల్లబట్టల స్వాముల ముందు కాగితాలు ఏరుకుంటుంటే నా చేతులు వణికాయి. తిరిగి కమిటీ ఆఫీసుకెళ్తే గుమస్తా తలెత్తకుండానే "సంతకాల్లేవా? అయితే లేదు" అన్నాడు. మనిషిని కాపాడాల్సిన కాగితం మనిషినే బెదరగొడితే అది ఎవరికోసం?

ఆ తర్వాత పది రోజులు కాగితం లేకుండా వెళ్లి కూర్చున్నాను. అప్పుడు కనిపించింది అసలు చదువు. గురుస్వామి పాఠమేమీ చెప్పరు. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి ముందు తానే లేచి నిలబడతారు. ఇరుముడి రోజున పీచు లేకుండా నున్నగా గీకిన కొబ్బరికాయ కంటిలోంచి నీళ్లు వంపి, నెయ్యి పోయడానికి ఆ కుర్రాడి చేతికిచ్చారు. వాడి చెయ్యి బెదిరి నెయ్యి ఒలికింది. ఆయన ఏమీ అనలేదు, వాడి మణికట్టు కింద తన అరచెయ్యి ఆనించారు. రెండోసారి ధార తెగలేదు.

ఈ దారిలో వచ్చేవాళ్లు మొదటి దరఖాస్తులోనే నోటిమాట సమ్మతి, సాక్షి ముందు రికార్డింగ్ అని రాయించుకోండి. ఆ వీలుందని నాకు మా ఆఫీసులో ఒక్కరూ చెప్పలేదు, గైడే తవ్వితీశారు. గురుస్వామి సాక్షిగా పదిమందీ ఒక్క సాయంత్రంలో మాట్లాడారు.

ఆ కుర్రాడి రికార్డింగ్ నలభై సెకన్లు. పేరు చెప్పమన్నాను. "పేరెందుకు మాతా, కన్నెస్వామి అని రాసుకోండి. స్వామి శరణం" అన్నాడు.