బుడ్డోడి పిల్లలు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర

పొద్దున్న నాలుగున్నరకే మెలకువ వచ్చేసింది. ఇవాళ ఇరవై ఒకటో రోజు. వసారాలో చుక్కల పెట్ట పొదుగుతున్న గంప దగ్గరకి వెళ్లి, లైటు వేయకుండా వంగి విన్నాను. రెక్కల కింద నుంచి సన్నగా కిచకిచ. నిన్న రాత్రే రెండు గుడ్ల మీద నెర్రె కనిపించింది కాబట్టి వస్తాయని తెలుసు, అయినా ఆ చప్పుడు వినగానే గుండె ఝల్లుమంది. చెయ్యి పెట్టబోతే పెట్ట గుర్రుమని పొడిచింది. సరేలే అని వెనక్కి వచ్చి కాఫీ పెట్టుకున్నాను.

బుడ్డోడి పిల్లల కోసం ఇది నా మూడో ప్రయత్నం. బుడ్డోడంటే మా అమ్మాయి హైదరాబాదులో చదివేటప్పుడు ముర్గీ చౌక్‌లో కొనుక్కొచ్చిన జపనీస్ బంటం పుంజు. ముప్పావు కిలో కూడా తూగడు. తెల్లటి ఒళ్లు, నల్లటి తోక. ఆ తోక నిటారుగా లేచి తల కంటే పైకి పోతుంది. కాళ్లు ఎంత పొట్టివంటే నడుస్తుంటే రెక్కల చివర్లు నేలకి రాస్తాయి. భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో పుంజంటే ఎత్తు చూస్తారు, డేగా కాకా నెమలా అని రంగు చూస్తారు. కార్తీకం వచ్చిందంటే సంక్రాంతి పుంజుల మేపు మొదలవుతుంది. అలాంటి ఊళ్లో వీడు గేటు దగ్గర నిలబడి కూస్తే దారిన పోయేవాళ్లు ఆగి మరీ చూస్తారు. వీడికి జత పెట్ట దొరకలేదు. వీడి తర్వాత ఆ తోక మా పెరట్లో ఉండాలంటే మా పెట్టలతోనే కలపాలి. మావి వనరాజాకీ నాటు కోళ్లకీ కలిసినవి, ఒక్కోటి రెండు కిలోల పైమాటే. వనరాజా అంటే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం వాళ్లు పెరటి పెంపకం కోసం తీసిన రకం.

మొదటిసారి నేనే తొందరపడ్డాను. అంతకుముందున్న పెద్ద పుంజుని మా చెల్లెలి ఇంటికి పంపించిన నాలుగో రోజు నుంచే గుడ్లు దాచడం మొదలుపెట్టాను. పిల్లలొచ్చాయి, పెరిగాయి, అన్నీ ఎత్తుకాళ్ల ఎర్రవే. ఒక్కసారి పుంజు తొక్కితే ఆ బీజం పెట్ట ఒంట్లో రెండు వారాల దాకా ఉంటుందని, కనీసం మూడు వారాలు ఆగి తీరాలని నాకు తెలియని సంగతి కాదు. స్కూల్లో సైన్స్ టీచర్ని. అయినా ఆగలేకపోయాను.

రెండోసారి ఆగాను. ఏడో రోజు రాత్రి ఫోన్ టార్చి మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూస్తే తొమ్మిదింట్లో రెండిటికే సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపించాయి. మిగతావన్నీ ఖాళీగా, పసుపుపచ్చగా మెరిశాయి. ఆ రెండూ కూడా చివరికి పిల్లలవలేదు. అప్పుడు సెలవుల్లో నాలుగు రోజులు పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. బుడ్డోడు పెట్ట మీదకి ఎక్కుతాడు, మెడ ఈకలు ముక్కుతో పట్టుకుంటాడు, అంతవరకూ బాగానే ఉంటుంది. కానీ ముందు పట్టు దొరికితే వెనక అందదు, వెనక్కి జరిగితే జారిపోతాడు. పాపం, కిందపడి దులుపుకుని మళ్లీ వెళ్లేవాడు. మూడో రోజు మధ్యాహ్నం జామచెట్టు కింద గుంటలో నల్ల పెట్ట మట్టి స్నానం చేస్తోంది. వీడు గుంట గట్టు మీద నుంచి ఎక్కాడు. అంతే, ఎత్తు సరిపోయింది.

ఆ సాయంత్రమే ఇంకో రెండు గుంటలు తవ్వించాను. రెండు పెట్టల్నే వీడితో వల కట్టిన భాగంలో ఉంచి, వాటి తోక కింద ఈకలు కొంచెం కత్తిరించాను. చిన్న పెట్ట మీదకి పెద్ద పుంజుని వదిలితే దాని వీపు చీరుకుపోతుంది, నడుం పడిపోతుంది. ఆ పని నేనెప్పుడూ చెయ్యను. చిన్న పుంజు, పెద్ద పెట్ట అయితే ఓపిక పట్టడమే తప్ప ఎవరికీ దెబ్బ తగలదు.

ఈసారి పదకొండు గుడ్లు, ఎనిమిదింట్లో నరాలు. వనరాజా కలిసినవి పొదుగు మీద నిలకడగా కూర్చోవు కాబట్టి అచ్చమైన నాటుదైన చుక్కల పెట్ట కింద పెట్టాను. అత్తయ్యగారు తన అలవాటు ప్రకారం గంప అడుగున ఒక బొగ్గు ముక్క, ఇనప మేకు వేశారు.

తొమ్మిదయ్యేసరికి ఏడు పిల్లలు. ఎనిమిదో గుడ్డులో చప్పుడు లేదు. అత్తయ్యగారు చూసి, "ఇదేంటమ్మాయ్, అంత చిన్న పుంజుకి ఇంతింత పిల్లలా?" అన్నారు. పిల్ల ముందు గుడ్డుని బట్టే పుడుతుంది, గుడ్డు తల్లిది, తండ్రి పోలిక పెరిగే కొద్దీ తెలుస్తుందండీ అని చెప్పాను. నిజానికి ఒక పోలిక మాత్రం ఇప్పుడే తెలుస్తోంది. తడి ఆరాక రెండు పిల్లల్ని అరచేతిలో పక్కపక్కన నిలబెట్టాను. ఒకటి కాళ్ల మీద లేచి నిలబడింది. రెండోదీ నిలబడింది, కానీ దాని పొట్ట బూరు నా చేతికి తగులుతూనే ఉంది. వెచ్చగా ఉంది. ఏడింట్లో మూడు అలాంటివి, నాలుగు పొడుగు కాళ్లవి.

ఎన్నేళ్లు బోర్డు మీద నాలుగు గడులు గీసి, బఠాణీలు రాసి పిల్లలకి చెప్పానో! తల్లిదండ్రుల పోలికలు పిల్లలకి ఎలా వస్తాయో బఠాణీ మొక్కలతో మెండెల్ చెప్పింది జంతువుల్లోనూ నిజమని 1902లో బేట్సన్ అనే శాస్త్రవేత్త చూపించింది కోళ్లతోనే. ఆ గడుల పద్ధతి కనిపెట్టిన పన్నెట్ కూడా కోళ్ల మీద ఎంతో పని చేశాడు. ఇవాళ ఆ గడులు నా చేతిలో కిచకిచమంటున్నాయి. బుడ్డోడి దగ్గర పొట్టికాలి జన్యువు ఒకటి, మామూలుది ఒకటి. పెట్ట దగ్గర రెండూ మామూలువే. సగం పిల్లలకి పొట్టి కాళ్లు రావాలి. వచ్చాయి.

పదకొండింటికి మరిది వచ్చాడు. పుంజుల సంగతి నాకంటే బాగా తెలిసినవాడు. పిల్లల్ని చూసి ముచ్చటపడి, "వదినా, ఈ పొట్టివాటికీ బుడ్డోడికీ పెద్దయ్యాక జత కడితే అన్నీ పొట్టివే వస్తాయి. ఫ్యాన్సీ కోళ్లకి రేటు చూశారా?" అన్నాడు. అన్నీ పొట్టివి ఎప్పటికీ రావు బాబూ అన్నాను. రెండు వైపుల నుంచీ ఆ జన్యువు వచ్చిన పిల్ల గుడ్డులోనే చచ్చిపోతుంది, నాలుగింట్లో ఒకటి. జపనీస్ బంటాలు పెంచేవాళ్లందరికీ ఆ లెక్క తప్పదు. "మొదటి నాలుగు రోజుల్లో పోయేదే కదా, మనకి కనపడదుగా" అన్నాడు. నాకు కనపడుతుంది. టార్చి వెలుగులో నరాలు చెదిరిపోయి ఎర్రటి ఉంగరంలా మిగిలిన గుడ్డుని నేను చూశాను. ముందే తెలిసి అలా చెయ్యలేను. పొట్టి పెట్టలకి పొడుగు కాళ్ల పుంజే, అదీ వేరే ఇంటిదే. తోక నిలబడితే చాలు నాకు. గట్టిగానే చెప్పేశాను. మరిది నొచ్చుకున్నట్టు లేదు, మజ్జిగ తాగి వెళ్లాడు.

మధ్యాహ్నం నూకలు చల్లితే పెట్ట పిల్లల్ని వేసుకుని వసారా మెట్టు దిగింది. సాయంత్రం గంపలోకి తిరిగి ఎక్కేటప్పుడు నాలుగు ఎగిరి ఎక్కాయి, పొట్టివి మూడూ మెట్టు కింద ఆగిపోయాయి. ఒకటి ఎగిరి గడ్డం కొట్టుకుని వెనక్కి పడింది. పెట్ట పైనుంచి పిలుస్తూనే ఉంది. ఒక ఇటిక, దాని పక్కన సగం ఇటిక తెచ్చి వేశాను. మొదటిది వాసన చూస్తున్నట్టు ముక్కుతో పొడిచి ఎక్కింది. మిగతా రెండూ వెంటనే.

ఐదు రోజులకి కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్కలు వేయించాలి. సీసాలో వంద డోసులుంటాయి, కలిపాక నిలవ ఉండదు. ఏడు పిల్లల కోసం సీసా విప్పాలంటే ప్రాణం ఒప్పదు. వీధి చివర ఇంట్లో పదమూడు పిల్లలున్నాయన్నారు, చెరువు గట్టు మీద వాళ్లకి ఇరవై దాకా ఉంటాయి. రేపు స్కూలు నుంచి వచ్చేటప్పుడు ఇద్దరినీ అడగాలి. ఫ్రిజ్‌లో ఐస్ పెట్టాలి.