నాడెని వాళ్ళు నావెత్ అంటారు

ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా ఫ్రెంచి తీసుకున్నాను, మా క్లాసులో సగం మందిలాగే, మార్కులొస్తాయని. 100కి 98 వచ్చాయి. ఆ తర్వాత ఆ పుస్తకం అటక మీద నుంచి దిగలేదు. నిరుడు మా మరదలికి పురుడు పోయడానికి ఫ్రాన్స్ వెళ్ళి, లియోఁలో పది వారాలు ఉండి వచ్చాను. ఊరి పేరు మనం లియాన్ అనో లయన్ అనో చదువుతాం కానీ వాళ్ళ నోట్లో చివరి అక్షరం ముక్కులోకి వెళ్ళిపోయి లియోఁ అవుతుంది. ఫ్రెంచి ఎంత వచ్చు అని ఇప్పుడెవరైనా అడిగితే ఆ 98 గుర్తుకు రావు, ఆ పది వారాలే గుర్తొస్తాయి.

మరదలి వాళ్ళమ్మ మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉంది, మా అమ్మ నాయనని వదిలి రాలేదు, అందుకని నేను వెళ్ళాను. తమ్ముడికి బిడ్డ పుట్టినందుకు ఇచ్చిన సెలవు నాలుగు వారాల్లో అయిపోయింది. పొద్దున వాడు ఆఫీసుకు పోతే పాలు, బ్రెడ్డు, కూరగాయలు, మందులు, పిల్లాడి డైపర్లు అన్నీ నేనే తేవాలి. మరదలు రాసిస్తానంది గానీ వద్దన్నాను. చీటీ చూపిస్తే సరుకు వస్తుంది, భాష రాదు కదా.

వాళ్ళ ఇల్లు క్రువా-రూస్ అనే గుట్ట మీద. లియోఁ ఊరంతా రోన్, సోన్ అనే రెండు నదుల నడుమ, చుట్టూ ఉంటుంది, ఈ గుట్ట ఆ రెండింటికీ మధ్యన నిలబడి ఉంటుంది. కింద నుంచి పైకి రావడానికి రంపంలా పళ్ళున్న పట్టాల మీద ఎక్కే మెట్రో ఒకటుంది, సి లైను. పాత బిల్డింగులు, ఇరుకు మెట్లు, మా దాంట్లో లిఫ్టు లేదు. మేం రెండో అంతస్తు. ఆ మెట్ల గురించి తర్వాత చెప్తాను, నా ఫ్రెంచిలో సగం అక్కడే వచ్చింది.

మొదటి రోజు పొద్దున బేకరీకి వెళ్ళాను. లైన్లో నా ముందు ఐదుగురు. నా వంతు రాగానే, విమానంలో ఎన్నిసార్లో మనసులో అనుకున్న వాక్యం, "యూన్ బాగెత్, సిల్ వూ ప్లే", దయచేసి ఒక పొడుగు బ్రెడ్డు ఇవ్వండి, అనేశాను. కౌంటర్లో ఆవిడ కదల్లేదు. నా ముఖంలోకి చూసి "బోఁజూర్" అంది, మన నమస్కారం లాంటి మాట. కోపంగా కాదు, తలుపు తీసి లోపలికి రమ్మన్నట్టు ఆగింది. అప్పుడు నేనూ "బోఁజూర్ మదామ్" అన్నాను, వెంటనే నవ్వి బాగెత్ కాగితంలో చుట్టింది. ఆ రోజంతా అదే ఆలోచన. మా ధర్మవరంలో అంగడికి పోయి "అన్నా, అర్ధ కిలో చక్కెర" అంటాం, ముందు నమస్కారం ఏమీ ఉండదు, కానీ ఆ "అన్నా"లోనే మర్యాద అంతా ఉంది. వాళ్ళకి ముక్కూ మొహం తెలియని మనిషిని పిలవడానికి అన్నా, అక్కా, పెద్దమ్మా లేవు. ఆ పని మొత్తం బోఁజూర్ చేస్తుంది. ఇది అర్థమయ్యాక బస్సు డ్రైవర్‌కి, డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నవాళ్ళకి, మెట్ల మీద ఎదురైనవాళ్ళకి, అందరికీ చెప్పడం అలవాటైంది, చెప్పిన ప్రతిచోటా మనుషులు నా తప్పుల ఫ్రెంచిని ఓపిగ్గా విన్నారు.

బాగెత్ చేతికిచ్చాక ఆవిడ "అవెక్ సెసి?" అంది. సంచీ కావాలా అని అడిగిందనుకుని వద్దన్నాను. దీంతో పాటు ఇంకేమన్నా కావాలా అని దానర్థం, రోజూ ప్రతి కొట్టులోనూ అడుగుతారు, మా ఇంటర్ పుస్తకంలో మాత్రం లేదు. "సె తూ, మేర్సి" అంటే అంతే, చాలు అని. మూడో రోజుకి ఆ రెండు మాటలూ ఆలోచించకుండా వచ్చేశాయి.

క్రువా-రూస్ బుల్వార్ అనే వెడల్పాటి రోడ్డు మీద సోమవారం తప్ప రోజూ పొద్దున సంత జరుగుతుంది. చెట్ల కింద పొడుగునా బల్లలు, కూరలు, చీజు, చేపలు, పూలు. అక్కడ లైను ఉన్నట్టూ ఉండదు, లేనట్టూ ఉండదు. అమ్మే ఆయన తలెత్తి "సె ఆ కి?" అని కేకేస్తాడు, ఎవరి వంతు అని. తడుముకోకుండా "సె ఆ మువా" అనాలి, నాదే అని. మొదటి వారం నేను నోరు తెరిచేలోపు పక్కావిడ అనేసేది, మళ్ళీ నిలబడేదాన్ని. రెండో వారం గట్టిగా అన్నాను. ఆ రోజు కొన్న టమాటాలు ఇంకా గుర్తున్నాయి.

టమాటాలంటే ఇంకొకటి. ముందు మనిషి "యూన్ లీవ్ర్" అని అడిగి తీసుకుంది. లీవ్ర్ అంటే పుస్తకం అని చదువుకున్నాను, టమాటాలకి పుస్తకమేమిటి! ఆ మాటకి ముందు "అఁ" వస్తే మగలింగం, పుస్తకం. "యూన్" వస్తే ఆడలింగం, 500 గ్రాములు. వస్తువులకి మగ ఆడ ఏమిటని ఇంటర్‌లో మా అందరికీ విసుగు. మన తెలుగులో బల్లా కుర్చీ అన్నీ "అది"యే కదా. లింగాల పట్టిక బట్టీ పట్టి పరీక్షలో రాసేశాం. సంతలో మాత్రం ఆ చిన్న యూన్ మీదే అర్ధ కిలో టమాటాలు ఆధారపడి ఉన్నాయి, ఒకసారి అలా విన్నాక ఇక మర్చిపోవడం ఉండదు.

అంకెలు మాత్రం నిజంగా ఏడిపించాయి. 70 అనడానికి అరవై-పది, 80 అనడానికి నాలుగు-ఇరవైలు, 90కి నాలుగు-ఇరవైలు-పది. కొత్తిమీర కట్ట, క్యారెట్లు కలిపి రెండు యూరోల తొంభై సెంట్లు అని అతను గబగబా చెప్తే నా చెవికి నాలుగు, ఇరవై, పది విడివిడిగా పడ్డాయి, ఏం ఇవ్వాలో తెలియక ఇరవై నోటు ఇచ్చేశాను. పది రోజులు ఇలా అన్నిటికీ నోట్లే ఇచ్చి ఇంట్లో చిల్లర గుట్ట పోశాక, ఒకరోజు మరదలు, "వదినా, కూడకుండా మొత్తం ఒకే పేరులాగా వినండి" అంది. అదే పనిచేసింది. మనం మాత్రం తొంభై అన్నప్పుడు తొమ్మిదీ పదీ అని లెక్క కడతామా?

పురుడైన ఇంటికి అక్కడ మంత్రసాని వచ్చి చూసి పోతుంది. ఆమెని "సాజ్-ఫామ్" అంటారు, మాటకి మాట పెడితే వివేకం గల ఆడమనిషి అని. మా జేజి కాలంలో మా వీధి కాన్పులన్నీ చేసిన ముసలావిడకి ఇంతకంటే సరిపోయే పేరు ఉండదు. ఈవిడ పిల్లాణ్ణి తూకం వేసి, బొడ్డు చూసి, నన్ను ప్రశ్నలు అడిగేది, ఎందుకంటే రాత్రుళ్ళు వాణ్ణి ఎత్తుకుని తిరిగేది నేనే. బాగా తాగుతున్నాడా, నిద్రపోతున్నాడా, అన్నీ అర్థమయ్యాయి. తర్వాత "ఇల్ ఆ ఫే సోఁ రో?" అంది. రో అంటే? ఆవిడ మాటల్లో వివరించలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని, వీపు మీద అరచేత్తో కింది నుంచి పైకి మెల్లగా తట్టింది, ఒక నిమిషానికి వాడు చిన్నగా త్రేన్చాడు, ఆవిడ కళ్ళు పెద్దవి చేసి "వొయిలా, ల రో!" అంది. త్రేన్పు. ఆ రాత్రి వాణ్ణి భుజాన వేసుకుని తడుతూ నేను వాడితో ఫ్రెంచిలోనే అడిగాను, రో ఏదిరా అని. ఏ మాటైనా అలా ఒంటి మీదుగా వస్తే నిలుస్తుంది. డైపర్లని "కూష్" అంటారని, కుట్టే నొప్పిని ఎలా చెప్తారో, సన్న జ్వరాన్ని ఎలా చెప్తారో అన్నీ ఆ నెల రోజుల్లోనే పట్టుకున్నాను.

ఇక మెట్లు. నాలుగో అంతస్తులో డెబ్బై దాటిన ఒక మదామ్ ఒంటరిగా ఉంటారు. రోజూ నేను సంచీలతో ఎక్కే వేళకి ఆవిడ దిగుతూ ఉండేవారు. మొదట బోఁజూర్, తర్వాత పిల్లాడెలా ఉన్నాడు, తర్వాత ఏం కొన్నావు. నేను తప్పు మాట్లాడితే తప్పని అనేవారు కాదు. "నేను వెళ్తాను నిన్న మార్షే" (మార్షే అంటే సంత) అన్నట్టు ఏదో అంటే, "ఆఁ, నిన్న మార్షేకి వెళ్ళారన్నమాట" అని అదే వాక్యాన్ని సరిచేసి నాకే తిరిగి ఇచ్చేవారు, తనకి వార్త అందినట్టుగా. నేను రెండోసారి సరిగ్గా అనేదాన్ని. అమ్మలు పిల్లలకి మాటలు నేర్పేది ఇలాగే. ఒకసారి గుడ్ల ట్రే చేతిలోంచి జారి మెట్ల మీద పగిలిపోయింది, ఆవిడ "సె కాసే, సె పా గ్రావ్" అంటూ లోపలికెళ్ళి పాత గుడ్డ తెచ్చి నాతో పాటు కూర్చుని తుడిచారు. పగిలింది, ఫరవాలేదు.

ఆవిడ దగ్గరే తెలిసింది, బళ్ళో నేర్పిన ఫ్రెంచికి, వీధిలో ఫ్రెంచికి ఎంత తేడానో. "జ న సే పా" అని మేం వల్లించింది, తెలియదు అని, వాళ్ళ నోట్లో "షే పా" అయిపోతుంది. మనం రాసేది "వెళ్ళిపోతున్నాను", అనేది "పోతన్నా" కదా, అంతే. మా పిల్లాణ్ణి ఆవిడ "ల ప్తి గోన్" అనేవారు, గోన్ అంటే లియోఁ వాళ్ళ మాటలో బుడ్డోడు, పారిస్‌లో అలా అనరట. అక్టోబర్‌లో బుల్వార్ మీద రంగులరాట్నాలు పెట్టారు, దాన్ని "వోగ్" అన్నారు. ఆ మాటకి ఫ్యాషన్ అనే అర్థం ఒక్కటే తెలుసు నాకు, అక్కడ దానికి తిరునాళ్ళ అని అర్థం. ఆవిడ వేడి వేడి కాల్చిన చెస్ట్‌నట్లు కాగితం పొట్లంలో కట్టించి తెచ్చారు, మన చిలగడదుంప కాల్చినట్టుంది రుచి.

నెలన్నరకి, మనం "తూ" అనుకుందామా అని ఆవిడే అడిగారు. వూ అంటే మీరు, తూ అంటే నువ్వు. మా సీమలో అమ్మని, జేజిని నువ్వనే అంటాం, అది చనువు, తక్కువ చేయడం కాదు. అయినా అంత పెద్దావిడని తూ అనడానికి నా నోరు రాలేదు, చాలా రోజులు మధ్యమధ్యలో వూ వచ్చేది, ఆవిడ వేలు ఊపేవారు.

ఇదంతా ఒక ఎత్తు. నవంబర్‌లో ఒక పొద్దున క్రువా-రూస్ కూడలిలో, మెట్రో పక్కన, రోజూ చూసే విగ్రహం కింద పేరు మొదటిసారి కూడబలుక్కుని చదివాను. జాకార్. ఒక్క క్షణం కాళ్ళు కదల్లేదు. మా ఇంట్లో రోజూ పలికే మాట అది. నాయన గుంతమగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చుంటే తలపైన బట్టలోకి డిజైన్ దించే జకార్డు, దానికి వేలాడే చిల్లుల అట్టలు. చిన్నప్పుడు పాత అట్టలతోనే ఆడుకున్నాం. జకార్డు అనేది ఒక మనిషి పేరని ఇన్నేళ్ళూ నాకు తట్టలేదు. 1752లో ఈ ఊళ్ళోనే పుట్టాడు, 1800ల మొదట్లో ఆ యంత్రం తయారు చేశాడు. అట్టలో చిల్లు ఉన్నచోట పడుగు పోగు, అంటే మగ్గం మీద నిలువుగా సాగదీసిన పోగు, లేస్తుంది, లేనిచోట లేవదు, అలా డిజైన్ దానంతట అదే దిగుతుంది. ఈ గుట్ట నిండా పట్టు నేసేవాళ్ళు ఉండేవారు, వాళ్ళని కనూలు అంటారు. మేమున్న ఇంటి కప్పు అంత ఎత్తు ఎందుకుందో అప్పుడు తెలిసింది, జకార్డు పెట్టిన మగ్గం పట్టాలి కాబట్టి. కూలి రేట్ల కోసం 1831లో, మళ్ళీ 1834లో ఆ నేతగాళ్ళు తిరగబడ్డారు. ఆ రోజుల్లో ఎంత రేటు అడిగారో, ఎంత ఇచ్చారో అని మదామ్‌ని అడిగి అడిగి తెలుసుకున్నాను. నాయన జీవితమంతా విన్న గొడవే అది.

గుట్ట మీద ఇప్పటికీ మగ్గం నేసి చూపించే చోటికి ఆవిడే నన్ను తీసుకెళ్ళారు. నేసే ఆయన ఒక్కో భాగం పేరు చెప్తుంటే నేను మనసులో మన పేరు పెట్టుకుంటూ పోయాను. పడుగుని షెన్ అంటారు, అడ్డంగా నేసే పేకని త్రామ్ అంటారు. పేక పోగుని పట్టుకుని అటూ ఇటూ దూసుకెళ్ళే నాడెని నావెత్ అంటారు, విమానాశ్రయంలో పార్కింగ్‌కి అటూ ఇటూ తిరిగే బస్సు మీద చదివిన మాట అదే! మగ్గాన్ని మెత్యే అంటారు, బతుకుదెరువుకి చేసే పనిని కూడా మెత్యే అనే అంటారు. మగ్గం చప్పుడుకి కూడా ఈ గుట్ట మీద ఒక మాట ఉంది, బిస్తాంక్లాక్. ఆయన తొక్కాడు, నాడె దూసుకెళ్ళింది, బాదాడు. బిస్-తాఁ-క్లాక్. కళ్ళు మూసుకుంటే మా ఇంటి వసారా.

అడిగి, నాయనకి వీడియో కాల్ చేశాను. ధర్మవరంలో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. చాలాసేపు ఏమీ మాట్లాడకుండా చూసి, "ఎన్ని హుక్కులు పాపా అది?" అన్నాడు. జకార్డులో పోగుల్ని పైకి లాగే ఆ హుక్కుని ఫ్రెంచిలో ఏమంటారో ఎక్కడా చదవలేదు. అమ్మ టేబుల్ గుడ్డలు అల్లే క్రోషా సూది గుర్తొచ్చింది, దాని కొసన ఉండేది కొక్కెమే కదా. "కోంబ్యాఁ ద క్రోషే?" అన్నాను. ఆయన చేయి ఆగింది. "సీ సాఁ" అన్నాడు, ఆరు వందలు అని. ఆ మాట మీకెలా తెలుసు అని అడిగాడు. "మోఁ పేర్ ఎ తిస్‌రాఁ" అని ఫోన్ చూపించాను, మా నాయన నేతగాడు.

"ఆరునూర్లా! మాది రెండునూర్ల నలభై" అన్నాడు నాయన. "పడుగు తెగితే ఎట్ల అతుకుతారో అడుగు."

షెన్ తెలుసు. తెగడం అనే మాట కోసం వెతికితే గుడ్లు పగిలిన రోజు మెట్ల మీద విన్న కాసే దొరికింది. రెండూ కలిపి అడిగాను. ఆయన వంగి, ఒక పోగు కొసలు రెండూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి, ఒక్కసారి మెలేసి చూపించాడు. ఫోన్‌లో నాయన వేళ్ళకి బూడిద అద్దుకుని తన చెయ్యి కెమెరా దగ్గరికి తెచ్చాడు. అదే మెలిక.