నాన్నకి అమ్మ మాట వినపడుతుంది

గురువారం, రాత్రి పదకొండున్నర.

పొద్దున్నే రేవుకి వెళ్ళేసరికి అవతలి గట్టు కనపడలేదు. మార్గశిరం మంచు గోదారి మీద అలా పట్టేసి ఉంది. సఖినేటిపల్లి రేవులో ముప్పావు గంట నిలబెట్టాక గానీ, మనుషుల్నీ బళ్ళనీ గోదారి దాటించే పంటు కదల్లేదు. నాన్నని చెవుల పరీక్షకి నరసాపురం తీసుకెళ్తున్నాం. అల్లిన లేసు అప్పగించి కొత్త నూలు తెచ్చుకోవాలని అమ్మ కూడా బయల్దేరింది. నాకు మాత్రం మనసు అక్కడ లేదు. దరఖాస్తు గడువు ఈ రాత్రితో అయిపోతుంది. వాళ్ళ అర్ధరాత్రి అంటే మనకి తెల్లవారుజాము నాలుగున్నర.

యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయంలో రెండేళ్ళ పోస్ట్‌డాక్ అది, అంటే పీహెచ్‌డీ అయ్యాక చేసే పరిశోధన ఉద్యోగం. చుట్టూ గోల ఉన్నప్పుడు వయసు మళ్ళినవాళ్ళ మెదడు మాటని ఎలా పట్టుకుంటుందో తల మీద 64 ఎలక్ట్రోడ్లు పెట్టి, మెదడులో పుట్టే విద్యుత్తుని నమోదు చేసే ఈఈజీలో చూడాలి. నా పీహెచ్‌డీకి ఇంత దగ్గరగా ఉన్న ప్రకటన ఏడాదిలో ఇదొక్కటే కనపడింది. సీవీ పెట్టేశాను, రెండు సిఫారసు ఉత్తరాలూ అందాయి. మిగిలింది, వస్తే ఏం చేస్తావో చెప్పమనే రెండు పేజీల ప్రతిపాదన. పది రోజులుగా రాస్తున్నాను, కొట్టేస్తున్నాను. ప్రతిసారీ 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగితో మొదలవుతోంది. 'టాన్' అనే ఒక్క శబ్దం తప్ప దాదాపు ఏమీ పలకలేని మనిషి, చనిపోయాక చూస్తే ఎడమవైపు మెదడు ముందు భాగం దెబ్బతిని ఉంది. తర్వాత 1874, మాట అర్థం చేసుకోవడానికి మెదడులో ఇంకో చోటు ఉందన్న వెర్నికే. ఇవన్నీ ఆ కమిటీకి నాకంటే బాగా తెలుసు. వాళ్ళకి తెలియనిదేదో నా దగ్గర ఉండాలి కదా అన్న టెన్షన్‌తోనే పంటు ఎక్కాను.

నాన్న 32 ఏళ్ళు రైసుమిల్లులో మిషన్ల దగ్గర పనిచేశారు. రిటైరయ్యాక మూడేళ్ళ పాటు, మనిషి ఎంత నెమ్మదించారో అనుకున్నాం. బయటివాళ్ళు ఏమన్నా 'ఆయ్', నేనేమన్నా 'అలాగేలే అమ్మా'. ఏ మాటకీ అడ్డం చెప్పట్లేదు. మాట అందనప్పుడల్లా మళ్ళీ అడగడానికి మొహమాటపడి ఆ రెండు ముక్కలతో నెట్టుకొస్తున్నారని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. చదువుకున్నది ఈ చదువే, అయినా ఇంట్లో మనిషిని చూసుకోలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు.

తెలిసిన రోజు బాగా గుర్తుంది. వినాయక చవితికి వంటింట్లో కొబ్బరికాయ పీచు తీస్తూ, "నాన్నా, కత్తి ఇవ్వండి" అన్నాను. దేవుడి అలమర తెరిచి, వత్తులు చేసుకునే పత్తి తెచ్చి నా చేతిలో పెట్టారు. కత్తి, పత్తి. మాట పొడుగు అందింది, మధ్యలో 'త్త' దగ్గర వచ్చే ఆ నొక్కు అందింది. మొదటి హల్లు మటుకు జారిపోయింది. ఆ రాత్రే అరుగు మీద కూర్చుని, "ఈ మధ్య కీచురాళ్ళు అరవట్లేదే, మందులు కొట్టి చంపేసినట్టున్నారు" అన్నారు. కొబ్బరితోట నిండా కీచురాళ్ళు చెవులు హోరెత్తేలా అరుస్తున్నాయి.

నరసాపురంలో డాక్టరుగారి గదిలో ఈ రోజు చూసిన చార్టు కూడా అదే చెప్పింది. ఎడమవైపు, అంటే బొంగురు స్వరాల వైపు, గీత బాగానే నడిచి, కాలవ గట్టు మీంచి చేలోకి దిగే బాటలా కుడివైపుకి జారిపోయింది. చెవి లోపల నత్తగుల్లలా ఉండే కాక్లియాలో, మెదడుకి శబ్దం చేరవేసే కణాలు ఒక్కో చెవికి సుమారు 3,500 ఉంటాయి. పోయినవి మళ్ళీ మొలవవు. ఏళ్ళ తరబడి మిల్లు మోతలో ఉంటే ముందు అందకుండా పోయేది 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉండే కీచు స్వరాలే. కీచురాళ్ళు అరిచేది ఆ పైస్థాయిలోనే. ఒక హల్లుని ఇంకో హల్లు నుంచి విడదీసే సన్నటి తేడాల్లో చాలా భాగం ఉండేదీ అటువైపే. అందుకే నాన్న, "వినపడుతుందండీ, ఏమన్నారో తెలియదంతే" అంటారు. డాక్టరుగారు కొత్త చెవి మిషన్ రాశారు. ఇదివరకు ఒకచోట కొన్నది బీరువాలో ఉంది. అది మాటనీ, ఫ్యాన్ హోరునీ, గిన్నెల చప్పుడునీ కలిపి పెంచేసేది. నాన్న దాన్ని వారం కూడా పెట్టుకోలేదు.

అసలు నేను రాయాలనుకున్నది పొద్దున్న పంటు మీద జరిగిన సంగతి.

ఇంజన్ మోత. పక్కన ఎవరో బండి ఆపకుండా రేజ్ చేస్తున్నారు. రొయ్యల ట్రేలు దింపించే విషయంలో ఇద్దరు అరుచుకుంటున్నారు. నాన్న ముందువైపు గొలుసు దగ్గర నిలబడి నీళ్ళు చూస్తున్నారు. టికెట్ల అబ్బాయి, "బాబాయ్‌గారూ, వెనక్కి రండి" అన్నాడు. నాన్న తల తిప్పకుండానే 'ఆయ్' అని అక్కడే నిలబడ్డారు. అతను ఇంకోసారి, ఈసారి విసుగ్గా అన్నాడు. నేను గొంతు చించుకుని, "నాన్నా! వెనక్కి!" అని అరిచాను. లాభం లేదు. అరిస్తే పెరిగేది అచ్చులే, నాన్నకి కావలసిన హల్లులు ఆ హోరులో ఇంకా మునిగిపోతాయి. అది తెలిసి కూడా అరిచాను.

అప్పుడు అమ్మ లేసు సంచి చంకలో సర్దుకుంటూ, నాకంటే రెండడుగులు వెనక నుంచి, గొంతు ఏమీ పెంచకుండా, "ఏవండీ, తడిగా ఉంది, ఇటు వచ్చెయ్యండి" అంది.

నాన్న వెనక్కి తిరిగి, "ఏది తడి?" అంటూ వచ్చేశారు.

వీపు మావైపే ఉంది, కాబట్టి పెదాలు చూసి పట్టుకున్నది కాదు. నా అరుపు కంటే ఆ గొంతు చిన్నది. అయినా అందింది, అదీ 'తడి'తో సహా.

గోలలో ఒక్క గొంతుని ఎంచుకుని వినడాన్ని మా చదువులో కాక్‌టెయిల్ పార్టీ సమస్య అంటారు. 1953లో కొలిన్ చెర్రీ అనే శాస్త్రవేత్త దీని మీద మొదటి ప్రయోగాలు చేశాడు. నాకు ఎప్పుడూ ఆ మాట వినగానే పంటే గుర్తొస్తుంది. 2012లో నిమా మెస్గరాని, ఎడ్వర్డ్ చాంగ్ అనే పరిశోధకులు కలిసి, మూర్ఛకి ఆపరేషన్ కోసం మెదడు మీద ఎలక్ట్రోడ్లు పెట్టిన రోగులకి రెండు గొంతులు ఒకేసారి వినిపించారు. వినే కేంద్రాల్లో నమోదైనదంతా ఆ మనిషి మనసు పెట్టిన గొంతుదే. రెండో గొంతు దాదాపు లేనట్టే. మరుసటి ఏడాది ఇంగ్రిడ్ జాన్స్‌రూడ్ బృందం, 18 ఏళ్ళు, అంతకు పైన కలిసి కాపురం చేసిన దంపతులకి, ఎలక్ట్రోడ్లు లేకుండా, ఇలాగే రెండు గొంతులు వినిపించి చూసింది. రెండు గొంతుల మధ్య, కొత్తవాళ్ళ మాట కంటే భార్యదో భర్తదో అయిన మాట బాగా తెలిసింది. నా థీసిస్‌లో ఆ పేపర్ ఒక్క వాక్యం. ఇవాళ అది గొలుసు దగ్గర నుంచి నడుచుకుంటూ నా పక్కకి వచ్చి నిలబడింది.

అమ్మానాన్నలది 36 ఏళ్ళ కాపురం. చెవి తెచ్చి ఇచ్చేది ఎంత తగ్గినా, అమ్మ మాట ఎక్కడ లేస్తుందో, ఎక్కడ ఆగుతుందో, తర్వాత ఏ మాట వస్తుందో నాన్న బుర్రలో ముందే ఉంది. లోటు పడ్డది అక్కడి నుంచి భర్తీ అవుతోంది. ఎంతవరకు భర్తీ అవుతుంది? చెవి ఇంకా పాడైతే ఈ ఆసరా ఇంకా గట్టిపడుతుందా, ఏదో ఒకచోట తెగిపోతుందా? మాట చెవిన పడ్డాక ఎన్ని మిల్లీసెకన్లకి ఈ సాయం అందుతోందో ఈఈజీలో కనపడుతుంది. అడగాల్సింది ఇదీ అని తిరుగు పంటులో నూలు ఉండలు ఒళ్ళో పెట్టుకుని టికెట్ వెనకాల రాసుకున్నాను.

రెండోది ఇంటికొచ్చి అన్నం తింటుంటే తట్టింది, పత్తి సంగతి వల్ల. ఈ రంగంలో సింహభాగం ప్రయోగాలు ఇంగ్లీషులోనే జరిగాయి. తెలుగులో గుడికీ గుడ్డికీ తేడా 'డ' దగ్గర నాలుక అంగిటికి ఎంతసేపు ఆని ఉందన్నదే. అటకీ ఆటకీ తేడా అచ్చు పొడుగు. ఈ తేడాలు కాలంలో ఉన్నాయి, కీచు స్వరాల్లో లేవు. అయితే నాన్నలాంటి చెవికి కూడా ఇవి మిగలాలి. 'కత్తి' అంటే 'పత్తి' అని విన్నారే గానీ, ఒత్తు లేని మాట ఏదీ వినలేదు కదా. గుడి-గుడ్డి జతలూ, కత్తి-పత్తి జతలూ, పక్కపక్కన, ఒకసారి తెలిసిన గొంతుతో, ఒకసారి కొత్త గొంతుతో వినిపించి చూడాలి. నా ఊహ తప్పు కావచ్చు. తప్పయినా తెలుసుకోవలసిన విషయమే.

బ్రోకాని తీసేశాను. మొదటి వాక్యం పంటు గురించే రాశాను. మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి ఎనిమిది దాకా లేవకుండా కూర్చున్నాను. మధ్యలో గంటసేపు కరెంటు పోయింది, లాప్‌టాప్ చార్జింగ్ 19 శాతానికి దిగితే ఒళ్ళు చల్లబడింది. రెండు పేజీలూ ఎక్కడా సాగదీయకుండా వచ్చాయి. పదీ యాభైకి పంపేశాను.

నాన్న వరండాలో నవారు మంచం మీద మేలుకునే ఉన్నారు. గుమ్మంలోంచే, "పంపించేశాను నాన్నా" అన్నాను.

"అలాగేలే అమ్మా."

వెళ్ళి మంచం పక్కన, లైటు నా మొహం మీద పడేలా కూర్చున్నాను. ఉద్యోగానికి కాయితాలు పంపేశానని నిదానంగా, అరవకుండా చెప్పాను.

"పంపేశావా? ఎప్పుడు చెప్తారంట?"

"జనవరి ఆఖర్లో."

"చలి ఎక్కువుంటుందేమో అక్కడ," అని, లోపలికి తిరిగి అమ్మని అడిగారు, "ఏవే, విన్నావా?"