డిస్నీల్యాండ్‌లో ఒక పరదా

మా అమ్మాయి వాళ్లు కాలిఫోర్నియాలో అర్వైన్‌లో ఉంటారు. అక్కడి నుంచి అనాహైమ్‌లోని డిస్నీల్యాండ్ చాలా దగ్గర. వెళ్లే ముందు రోజు రాత్రి అమ్మాయి ఫోన్ పట్టుకుని, ఏ రైడ్‌కి ఎంత క్యూ ఉంటుందో చూసుకుంటూ ఒకటే టెన్షన్ పడింది. "నాన్నా, నీ మోకాళ్లతో ఆ పెద్ద రైడ్లు ఎక్కలేవు. రోజంతా ఏం చేస్తావు మరి?" అని అడిగింది.

"చూస్తానమ్మా" అన్నాను.

తెనాలిలో ముప్పై ఏళ్లకు పైగా డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. ఆ ఉద్యోగం రాకముందు కొన్నాళ్లు నాటకాల పరదాల మీద బొమ్మలు వేసే ఒక మాస్టారి దగ్గర పని నేర్చుకున్నాను. దర్బారు పరదా, అడవి పరదా, వీధి పరదా, ఉద్యానవనం పరదా. పొడి రంగులు జిగురులో కలిపి, గుడ్డను నేల మీద పరిచి, దాని మీదే నడుస్తూ వేసేవాళ్లం. అందుకే ఎక్కడికి వెళ్లినా నా కళ్లు ముందు గోడల మీదికీ రంగుల మీదికీ పోతాయి.

ఫిబ్రవరిలో, సెలవు కాని రోజున వెళ్లాం. గేటు దాటగానే ఎత్తున రైలు కట్ట, దాని కింద చిన్న సొరంగం. నేటి లోకాన్ని ఇక్కడ విడిచి నిన్నటిలోకి, రేపటిలోకి, ఊహలోకి వెళ్తున్నారని దాని పైన ఒక ఇత్తడి పలక మీద రాసి ఉంది. జనం ఆ పలక కింద నుంచి పరుగులాంటి నడకతో వెళ్లిపోతున్నారు. సొరంగంలో వెలుగు తగ్గి, అవతల ఒక్కసారిగా వీధి కనబడుతుంది. పరదా లేచినట్టే ఉంది నాకు.

ఆ వీధి పేరు మెయిన్ స్ట్రీట్. వాల్ట్ డిస్నీ చిన్నప్పుడు కొన్నేళ్లు మిస్సోరి రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. ఆ జ్ఞాపకంతో, వందేళ్ల పైనాటి అమెరికా పల్లెపట్నం ఎలా ఉండేదో అలా కట్టించాడు. నేను నడిరోడ్డు మీద ఆగిపోయి మేడల వైపు చూశాను. కింది అంతస్తు మనిషికి తగ్గ ఎత్తులోనే ఉంది. పై అంతస్తు కొంచెం తగ్గింది. ఆ పైది ఇంకా తగ్గింది. కిటికీలూ, వాటి చెక్కలూ, పిట్టగోడ మీది నగిషీలూ అన్నీ అదే లెక్కలో చిన్నవవుతూ పోయాయి. దాంతో మేడ ఉన్నదానికంటే ఎత్తుగా, ఠీవిగా కనబడుతోంది, అయినా మనిషిని భయపెట్టదు. వీధి పరదా మీద మేం గుడ్డపై గీసిన లెక్కను ఇక్కడ ఇటుకతో, చెక్కతో కట్టారు.

"ఏం చూస్తున్నావు నాన్నా, పద" అంది అమ్మాయి. చూపించాను. ఆరేళ్లుగా ఇక్కడికి వస్తూ ఉన్నా ఇది ఎప్పుడూ గమనించలేదని అంది.

వీధి చివర కోటలోనూ అదే కిటుకు. స్లీపింగ్ బ్యూటీ కోట ఎత్తు 77 అడుగులే. మన ఊళ్లలో పెద్ద గాలిగోపురాలు దీనికంటే ఎత్తుంటాయి. కానీ రాళ్లు కింద పెద్దవిగా, పైకి పోయేకొద్దీ చిన్నవిగా కట్టడం వల్ల బురుజులు ఆకాశంలోకి ఎక్కడికో పోయినట్టు అనిపిస్తాయి.

అమ్మాయీ అల్లుడూ మాటర్‌హార్న్ ఎక్కడానికి వెళ్లారు. 1959 నాటి మంచుకొండ రైడ్ అది. ఉక్కు గొట్టాల పట్టాల మీద పరిగెత్తే రోలర్ కోస్టర్ ప్రపంచంలో మొదట వచ్చింది అక్కడే. మా ఆవిడ, నేను, అయిదేళ్ల మనవరాలు కోట పక్కన ఉన్న స్నో వైట్ కోనేరు దగ్గర కూర్చున్నాం. అక్కడ జనం తక్కువ. చిన్న జలపాతం, దాని చుట్టూ తెల్లటి మరుగుజ్జు బొమ్మలు ఏడు, అందరికంటే పైన వాళ్ల కథలోని రాకుమారి స్నో వైట్.

పాపే ముందు అడిగింది: "తాతయ్యా, స్నో వైట్ ఎందుకు అంత చిన్నగా ఉంది?"

నిజంగానే చిన్నది. ఆ విగ్రహాలు చెక్కినప్పుడు ఆమెనూ మరుగుజ్జుల ఎత్తులోనే చెక్కేశారు. తిరిగి చెక్కించకుండా, జాన్ హెంచ్ అనే డిజైనర్ ఆమెను జలపాతం పైన, దూరంగా నిలబెట్టి, పక్కన ఒక బుల్లి జింకను పెట్టాడు. దూరాన ఉంది కాబట్టి చిన్నగా ఉందని మన కన్ను సర్దుకుంటుంది. మా మాస్టారు గుర్తొచ్చారు. మేం పరదా మీద ఏదైనా పొరపాటు చేస్తే ఆయన చెరిపేవారు కాదు. దాని పక్కన ఇంకో గీత గీసి, ఆ పొరపాటునే కావాలని వేసినట్టు చేసేవారు. ఒక కన్ను మూసి, చాచిన చేతి బొటనవేలితో దూరపు మనుషుల్ని కొలవడం పాపకు నేర్పాను. ఆ తర్వాత మధ్యాహ్నం దాకా కనబడ్డ ప్రతి మనిషినీ అలాగే కొలిచింది.

ఇక నేలా, చెత్తబుట్టలూ. ఒక విభాగం నుంచి ఇంకో విభాగంలోకి అడుగు పెట్టగానే కాళ్ల కింద నేల రంగు, గరుకుదనం మారిపోతాయి. చెత్తబుట్ట కూడా తన పేటకు తగ్గ వేషం వేసుకుంటుంది. మెయిన్ స్ట్రీట్‌లో ఒక రకం రంగులు, అడ్వెంచర్‌ల్యాండ్‌లో ఇంకో రకం. అరటి తొక్క వేసే డబ్బా మీద కూడా ఎవరో కూర్చుని బ్రష్‌తో అంచు దిద్దారంటే, ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

అడ్వెంచర్‌ల్యాండ్‌లో, జంగిల్ క్రూయిజ్ అనే పడవ రైడ్‌కి దగ్గరలో, ఒక పొడవాటి కానరీ దీవుల ఖర్జూర చెట్టు ఉంది. చుట్టూ అంతా అడవిలా పెంచారు కాబట్టి అందులో కలిసిపోయి ఉంటుంది. ఆ చెట్టు వయసు పార్కు వయసు కంటే చాలా ఎక్కువ. పార్కు తెరిచింది 1955 జులై 17న. చెట్టు నాటింది 1896లో, ఒక పెళ్లి కానుకగా. అప్పుడు ఇదంతా నారింజ తోటలు. స్థలం అమ్మిన డొమింగెజ్ కుటుంబం ఆ చెట్టును కొట్టొద్దని కోరింది. కార్లు నిలిపే స్థలం కింద పోవలసిన చెట్టును వేళ్లతో సహా పెకలించి ఇక్కడికి తెచ్చి నాటారు. ఆ ఇంటి అబ్బాయి రాన్ డొమింగెజ్ పార్కు తెరిచిన కొత్తల్లోనే టికెట్లు చూసే ఉద్యోగంలో చేరి, తర్వాత సంస్థలో పెద్ద అధికారి అయ్యాడు. మా తాతగారి దొడ్డి అమ్మినప్పుడు కొన్నవాళ్లు వేపచెట్టును ముందు కొట్టారు. మా ఆవిడ ఆ ఖర్జూర చెట్టు మొదట్లో కాసేపు నిలబడింది. ఏమీ మాట్లాడలేదు.

పార్కులోనే ఉన్న నది ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాం. మార్క్ ట్వైన్ పడవ తెల్లగా, మూడంతస్తుల పెళ్లిపందిరిలా, మా ముందు నుంచి వెళ్లింది. పక్కనే ఒక రాతి మొద్దు ఉంది. చెట్టే, కానీ కోట్ల ఏళ్ల కింద రాయిగా మారింది. డిస్నీ దాన్ని 1956లో కొలరాడోలో కొన్నాడు. భార్య లిలియన్‌కి పెళ్లిరోజు కానుకగా ఇస్తే, ఆవిడ మరుసటి ఏడాది పార్కుకి ఇచ్చేసింది. "రాయిని కానుకగా ఇస్తే ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు?" అంది మా ఆవిడ.

మధ్యాహ్నం తర్వాత మోకాళ్లు మొరాయించాయి. న్యూ ఆర్లీన్స్ స్క్వేర్ స్టేషన్లో రైలు కోసం కూర్చున్నాం. ఇవి నిజమైన ఆవిరి ఇంజన్లు. ఎదురుగా ఉన్న చిన్న గదిలోంచి టక్ టక్ మని తంతి చప్పుడు వస్తోంది. రైలు కోసం చూసేవాళ్లు దాన్ని పట్టించుకోవడం లేదు. అది వట్టి చప్పుడు కాదు. ప్రారంభం రోజు డిస్నీ చదివిన మాటల్ని పాత అమెరికన్ తంతి సంకేతాల్లో పంపుతూ ఉంటుంది. మా తమ్ముడు తంతి ఆఫీసులో పనిచేసినవాడు. మన దేశంలో టెలిగ్రాం 2013 జులైలో ఆగిపోయినప్పుడు వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. వాడి కోసం ఆ చప్పుడు ఫోన్లో రికార్డు చేసుకున్నాను. వాడు నేర్చుకున్న సంకేతాలు వేరు కాబట్టి అర్థం కాకపోవచ్చు. చప్పుడైనా వింటాడు.

రైలు పార్కు చుట్టూ తిరుగుతుంది. టుమారోల్యాండ్ స్టేషన్ దాటాక ఒక సొరంగంలోకి వెళ్లింది. చీకటి పడింది. పాప నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత కనబడినదాన్ని ఎలా చెప్పాలో తెలియడం లేదు. పరదా. ఒకే గుడ్డ, అతుకు కనబడదు. 306 అడుగుల పొడవు, 34 అడుగుల ఎత్తు. దాని మీద గ్రాండ్ కాన్యన్ లోయ మొత్తం. 1958లో పెట్టారు, వేసిన చిత్రకారుడి పేరు డెల్మర్ యోదర్స్. ముందు వరుసలో నిజమైన రాళ్లు, మొక్కలు, గడ్డి కూర్చిన జింకలు, ఒక కొండ పులి. వెనక రంగులు. ముందు నేల ఎక్కడ అయిపోయిందో, గుడ్డ ఎక్కడ మొదలైందో పట్టుకుందామని కళ్లు చికిలించి చూశాను. ముప్పై ఏళ్లు పిల్లలకి దూరం ఎలా వేయాలో నేర్పినవాణ్ని, ఆ గీత నాకు దొరకలేదు. రైలు కదిలే కొద్దీ లోయలో కాలం మారింది. తెల్లవారుతుంది, మబ్బు పడుతుంది, ఇంద్రధనుస్సు వస్తుంది, సాయంత్రం అవుతుంది. దూరపు కొండలకి ఎర్రటి రంగులో నీలం కలిపి పలచన చేశాడు. మా మాస్టారూ అదే చెప్పేవారు, దూరం అంటే నీలం అని.

సురభి నాటకం చూసినవాళ్లకి తెలుస్తుంది, పరదా ముందు మనిషి నిలబడితేనే అది ఊరవుతుంది, అడవి అవుతుంది. ఇక్కడ మనిషి నిలబడడు, రైల్లో కూర్చుని కదులుతాడు. అంతే తేడా. నా పక్క బెంచీ మీద ఒక కుర్రాడు అదంతా గడిచేదాకా ఫోన్లో తర్వాతి క్యూ చూసుకున్నాడు. వాడి భుజం తట్టి అటు చూడమని చెప్పాలనిపించింది. భాష అడ్డొచ్చి ఊరుకున్నాను.

లోయ దాటాక రాక్షసబల్లులు వచ్చాయి. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం చేసినవి. పాపకి అవి తెగ నచ్చాయి. నేను సరిగా చూడలేదు.

మెయిన్ స్ట్రీట్ స్టేషన్ వచ్చింది. పైన ఉన్నాం కాబట్టి కింది కూడలి అంతా కనబడుతోంది. ఫైర్ స్టేషన్ మేడ మీద కిటికీలో దీపం వెలుగుతోంది. డిస్నీ ఉండడానికి కట్టించుకున్న చిన్న ఇల్లు అది. ఆయన పోయి అరవై ఏళ్లు కావస్తున్నా ఆ దీపం వెలిగిస్తూనే ఉన్నారు. కింది వీధిలో దుకాణాల పై కిటికీల మీద పేర్లుంటాయి. వ్యాపారుల పేర్లలా కనిపించినా అవి పార్కు కట్టినవాళ్ల, నడిపినవాళ్ల పేర్లు. పొద్దున అమ్మాయి ఒకటి చదివి చెప్పింది: ఎలియాస్ డిస్నీ, కాంట్రాక్టర్, 1895. అది వాల్ట్ తండ్రి పేరు. షికాగోలో 1893 ప్రపంచ ప్రదర్శన కట్టేటప్పుడు ఆయన అక్కడ పనిచేశాడు. మా మాస్టారు ఎన్ని పరదాలు వేశారో లెక్క లేదు. ఒక్కదాని మూలన కూడా ఆయన పేరు లేదు. అప్పట్లో రాసుకునే అలవాటే లేదు.

అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, మెయిన్ స్ట్రీట్ స్టేషన్లో దిగిపోండి, మేం కిందే ఉన్నాం."

జనం దిగుతున్నారు. మా ఆవిడ నా మొహం చూసి, సంచి మళ్లీ ఒళ్లో పెట్టుకుంది. పాప బొటనవేలు చాచి ఫైర్ స్టేషన్ని కొలుస్తోంది.

"ఇంకో చుట్టు తిరిగి వస్తామమ్మా" అన్నాను ఫోన్లో. ఇంజన్ కూత వేసింది.